ఇంజిను ఎడమ వైపు గురించి

సభకి పెద్దగా కూర్చున్న రిటైరైన రైలింజిను డ్రైవరు గారికి, మా ఓనరు గారికి, ఇవాళ పని విరమిస్తూ ముందు వరసలో ఇబ్బందిగా కూర్చున్న మా పెయింటు మాస్టారికి, ఆయన పక్కన ఏ ఇబ్బందీ లేకుండా కూర్చున్న వాళ్ళావిడకి, అంటే మా అందరికీ అత్తయ్యగారికి, బిస్కెట్ల బల్ల దగ్గర్నుంచి కదలని మిగతా అందరికీ నమస్కారం.

నేను మైకు దగ్గరికి రాను. నలుగురు చూస్తుంటే నాకు గొంతు పెగలదు, నేను చేరిన ఏడాదికి గానీ సోల్డరింగ్ బాబాయ్‌కి నాకు మాటలొచ్చని తెలీలేదు. అందుకే వెనక తలుపు పక్కన కూర్చుని ఫోన్లో టైపు చేసి పంపిస్తున్నా, ఓనరు గారి అమ్మాయి, అంటే అక్క, మైకులో చదువుతోంది. అక్కా, రాసింది రాసినట్టు చదువు, మధ్యలో బాగుచెయ్యకు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే మాస్టారిని తిట్టుకోండి, నాకు మళ్ళీ రాయడం నేర్పింది ఆయనే, అదీ ఇంజిన్ల మీద నంబర్లు రాయించి. అందుకే నా అంకెలు చూస్తే కాలేజీ, మాటలు చూస్తే ఐదో తరగతి.

మాస్టారి చుట్టాలకి మా పని తెలీదు కాబట్టి చెప్తున్నా. మా షాపులో మోచేతి పొడవు ఇత్తడి రైలింజిన్లు చేస్తాం. బాబాయ్ అతికిస్తాడు, మాస్టారు తళతళలాడేలా రంగేస్తారు, అంతా అయ్యాక ఆ తళతళ మీద మళ్ళీ మసి, తుప్పు, నూనె మరకలు పెడతారు, ముప్పై ఏళ్ళు పట్టాల మీద తిరిగొచ్చినట్టు కనపడాలని. మేం దాన్ని మురికి పని అంటాం. అత్తయ్యగారు ఒకసారి షాపుకొచ్చి ఇది చూసి, "ఇంట్లో ఒక్క గిన్నె తుడవని మనిషి, ఇక్కడ శుభ్రంగా ఉన్నదాన్ని పట్టుకుని మురికి చేస్తున్నాడా, దీనికి జీతం కూడానా" అన్నారు. (మీ నవ్వులు ఇక్కడిదాకా వినపడ్డాయి. అత్తయ్యగారివే గట్టిగా.)

మాస్టారితో రోడ్డు మీద నడవడం కంటే నరకం ఇంకోటి లేదు. గోడకి నీళ్ళ గొట్టం కనపడితే ఆగుతారు. పాత షట్టరు కనపడితే ఆగుతారు. "చూడరా, నీళ్ళు కారిన దారినే తుప్పు కారుతుంది, నీకు తోచిన చోట కాదు" అంటారు. ఒకరోజు ఎవరింటి ముందో నిలబడి గేటుని కళ్ళార్పకుండా చూస్తుంటే ఇంటావిడ బయటికొచ్చి "ఎవరు కావాలండీ" అంది. "ఎవరూ వద్దమ్మా, మీ గేటు కింద తుప్పు చాలా బాగుంది" అన్నారు ఈయన. ఆవిడ వారంలోపే గేటుకి రంగేయించేసింది. మాస్టారు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, అయినవాళ్ళెవరో పోయినట్టు.

ఇంకోటి. టీ గ్లాసులో కుంచె కడగడం, కుంచె కడిగిన నీళ్ళు తాగడం, రెండూ నా కళ్ళతో చూశా. నీళ్ళు తాగిన రోజు "ఇవాళ టీ పర్లేదురా" అన్నారు. టీ పెట్టేది బాబాయ్ కదా, బాధపడతాడని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. సారీ బాబాయ్.

నిన్న రాసి పెట్టుకున్న కబుర్లు ఇంతే. దీని తర్వాత మాస్టారు చల్లగా ఉండాలి అని రాసి ఆపేద్దామనుకున్నా. ఇక్కణ్ణుంచి మాత్రం ఇప్పుడు రాస్తున్నా, ఎందుకంటే ఇందాక రెండు మాటలు విన్నా.

మొదటిది డ్రైవరు గారిది. ఆ గాజు పెట్టెలో ఉన్న ఇంజిను మాస్టారి చేతి ఆఖరి ఇంజిను, చేయించుకున్నది డ్రైవరు గారే, ఆయన నడిపిన ఇంజినే. ఎడమ వైపు జనానికి కనపడేలా పెట్టారు. డ్రైవరు గారు దాని మీదకి వంగి, "ఎడమ కిటికీ కింద రంగు అరిగిపోయి ఉంది చూశారా, నా మోచెయ్యి ఆనిన చోటది, ఇది నేనెవరికీ చెప్పలేదే" అని కళ్ళు తుడుచుకున్నారు. రెండోది ఓనరు గారిది. "ఆ ఎడమ వైపు చూశాక చెప్తున్నా, ఇలాంటి చెయ్యి ఇక దొరకదు, అందుకే మాస్టారితోపాటు పెయింటు బల్ల కూడా తీసేస్తున్నా, వచ్చే నెల నుంచి రంగు లేని ఇత్తడివే అమ్ముదాం, కుర్రాడు ప్యాకింగులోకి వెళ్తాడు" అన్నారు. ఆ కుర్రాణ్ణి నేనే.

అక్కా, ఇక్కడ ఆగకు, చదువు.

ఆ ఎడమ వైపు నేను చేశా.

మాస్టారు మొత్తం ఇంజిను పూర్తి చేసి, కళ్ళు చూపించుకోడానికి పది రోజులు ఊరెళ్ళారు. ఆఖర్న వార్నిష్ ఒక్కటే మిగిలింది. వాన పడేటప్పుడు వార్నిష్ డబ్బా మూత కూడా తియ్యొద్దని ఆయన నాకు వందసార్లు చెప్పారు, గాల్లో తేమ పట్టుకుంటుందని. ఆ రోజు వాన. నేను మూత తీశా. ఆయన వచ్చేసరికి పూర్తయిపోయి ఉంటే ఎలా చూస్తారో అని, అంతే, ఇంకో కారణం లేదు. ఎడమ వైపు కొట్టి ఆగాను, కళ్ళ ముందే మసి మీద తెల్లగా పాలు పొంగినట్టు పొంగింది. తుడిస్తే పోదు. మాస్టారి నెల రోజుల పని అది, ఆయన ఆఖరి పని, నేను కుర్చీలో కూర్చుని ఏడ్చా, ఇది మాత్రం బాబాయ్ చూశాడు, ఉల్లిపాయలా అని అడిగాడు.

తర్వాత థిన్నరు పెట్టి ఎడమ వైపంతా ఇత్తడి దాకా గీకేశా. వేలి జిడ్డు తగలకుండా కడిగి, మళ్ళీ మొదటి కోటు నుంచి వేసుకుంటూ వచ్చా. కుడి వైపు చూసి మసి పెట్టా. కిటికీ దగ్గరికొచ్చేసరికి డ్రైవరు గారు గుర్తొచ్చారు. ఆర్డరు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆయన గంటసేపు మాట్లాడారు, అంతసేపూ ఎడమ మోచెయ్యి మా కౌంటరు అంచు మీదే, తియ్యలేదు, టీ కూడా కుడి చేత్తోనే తాగారు. ముప్పై ఏళ్ళు అక్కడ చెయ్యి పెడితే రంగుంటుందా అనిపించి, సన్న ఎమెరీ కాగితంతో రుద్దా. వాన పూర్తిగా వెలిశాకే వార్నిష్ కొట్టా.

మాస్టారు తిరిగొచ్చి భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "ఊఁ" అన్నారు. జరిగింది నేను చెప్పలేదు. ఇవాళ దాకా అంతే. మాస్టారూ, మీ పని పాడుచేశా, అందరూ మిమ్మల్ని పొగుడుతుంటే వెనక దాక్కున్నా. తిట్టండి. కానీ ఓనరు గారూ, ఏ వైపు చూసి ఇక చెయ్యి దొరకదన్నారో ఆ వైపు చేసినవాడు డబ్బాలకి టేపు అంటించడానికి వెళ్తున్నాడు, అది ఒక్కసారి చూడండి.

ఇప్పుడు హాల్లో అందరూ వెనక్కి తిరిగారు. దయచేసి ముందుకు తిరగండి.

మాస్టారు లేచారు. జరుగుతున్నది కూడా చదవాలా అని అక్క సైగ చేస్తోంది. చదువక్కా, చేతులు ఆగట్లేదు. మాస్టారు పెట్టె దగ్గరికెళ్ళారు. డ్రైవరు గారు అడుగుతున్నారు, "నిజమా మాస్టారూ, ఈ మోచెయ్యి మీది కాదా".

"కాదండీ" అన్నారు మాస్టారు. "నేను చేసినప్పుడు అక్కడ రంగు నిండుగా ఉంది. నాకు తట్టలేదు."

ఆయన నోటి నుంచి నాకు తట్టలేదు అనే మాట నేనెప్పుడూ వినలేదు. అత్తయ్యగారు కూడా వినలేదనుకుంటా, ఆవిడ ముఖం అలాగే ఉంది.

"వాణ్ణి తిట్టాలనే కూర్చున్నా ఆ రోజు" అంటున్నారు, "వాన రోజు మూత తీసిన వెధవని, ఖాళీ థిన్నరు డబ్బా చూడగానే తెలిసింది. భూతద్దంలో ఆ కిటికీ చూశాక ఏమని తిట్టాలో తెలీలేదు. వాడే చెప్తాడేమో అని చూశా, వాడికి ఇన్నాళ్ళు పట్టింది."

ఓనరు గారు కుర్రాణ్ణి ఇలా రమ్మనండి అంటున్నారు. అంతమంది మధ్యలోంచి నేను రానండీ. బల్ల ఉంచుతానంటే అక్కణ్ణుంచే చెయ్యెత్తండి, నాకు కనపడుతుంది.

ఎత్తారు. సగమే ఎత్తారు, తల గోక్కోడానికో ఏమో తెలీదు, నేను మాత్రం ఒప్పుకున్నారనే అనుకుంటున్నా, రెండొందల మంది చూశారు.

వచ్చినవాళ్ళకి, విన్నవాళ్ళకి, గొంతు పోయేలా చదివిన అక్కకి థాంక్స్. మాస్టారూ, ఇక మిమ్మల్ని ఎవరూ పొద్దున్నే రమ్మనరు, గేట్లు చూసుకుంటూ నెమ్మదిగా నడవండి. తుప్పు మంచిదేదైనా కనపడితే ఫోటో తీసి నాకు పంపండి, నేను చూస్తా. సెలవు.