నాలుగో కొవ్వొత్తి

రాయబారిగా రిటైరై విగాన్ పట్నంలో కథలు రాసుకుంటున్న పెద్దాయనకు కాఫీ ఇచ్చి, వంటమనిషి అక్కడే నిలబడిపోయింది.

"మీ కొత్త పుస్తకం చదివానండీ."

"నీకు అక్షరాలు నేర్పింది నన్ను తప్పుపట్టడానికా, ఏం?"

"అందులో సైనికులు శవాన్ని చూపిస్తే, పిల్లల కోసం భయపడి 'నా మొగుడు కాదు' అన్న మనిషి నేనే కదా?"

"పేరు మార్చాను, ఊరు మార్చాను."

"నా మొగుడి భుజం మీది కాలిన మచ్చ మార్చలేదే! ముప్పై ఏళ్ళు సర్కారు రహస్యాలు కడుపులో దాచుకున్నారు. నాది ఒక్కటీ దాచలేకపోయారా, అయ్యగారూ?"

ఆయన కప్పు కింద పెట్టేశాడు. ఆమెకు జాలి వేయలేదు.

"మీ అత్తగారికి చదువు రాదుగా."

"నా కూతురు రోజూ చదివి వినిపిస్తోంది. కొడుకు బాల్డో బతికే ఉన్నాడని ఆవిడ ఇప్పటికీ అతని వాటా చేపముక్క తీసి పెడుతుందండీ."

"ఎంతదాకా చదివారు?"

"అడగడానికి ధైర్యం చాల్లేదు."

"నేనొచ్చి చెబుతాను, అంతా కల్పితమని."

"ఇంకెందుకండీ? రేపు చనిపోయినవాళ్ళ పండగ. మా ఇంట్లో పోయిన ముగ్గురికీ ఆవిడ ఏటా మూడు కొవ్వొత్తులు తెమ్మంటుంది. ఈ పొద్దున నా మొహం చూడకుండా నాలుగు తెమ్మంది."