గోళ్ళరంగు విమానం

విజయవాడ, గుణదల. 1974. శనివారం సాయంత్రం. బాలశౌరి, ఎలిజబెత్ కొత్తగా కాపురం పెట్టిన మేడగది.

"ఎలిజబెత్! ఒప్పుకున్నాడు! లాజరు బావ ఒప్పుకున్నాడు. రేపే మళ్ళీ ఆట."

"ఒప్పుకున్నారా! ఇంత త్వరగానా? ముందా చెప్పులు విప్పండి. మొన్న గెల్చుకుపోయిన నా చెక్క విమానం పందెంలో పెట్టారా?"

"పెట్టాడు. మనం ఓడితే ఇంకోటి చెక్కివ్వాలట."

"ఇంకోటా! పెళ్ళికి కొనుక్కున్న గోళ్ళరంగు సీసా మొత్తం ఆ రెక్కలకే పూసేశాను."

"అదిప్పుడు వాళ్ళ రేడియో మీదుంది. వచ్చినవాళ్ళందరికీ చూపించి, కొత్త పెళ్ళికొడుకుని కూల్చి తెచ్చానంటున్నాడు."

"అననివ్వండి. పటమటంతా చాటుకోనివ్వండి."

"నవ్వుతావేంటి? ఇక్కడ నాకు ఒళ్ళు మండిపోతుంటే!"

"నాకూ మండుతోంది. మండితే నవ్వొస్తుంది నాకు. మీకింకా తెలీదు."

"అసలెలా ఓడానే? రెండో ప్రపంచయుద్ధం నలభై ఐదులో ఆగకపోతే ఏమయ్యేదన్న ఆట. కాగితాల మీదే ఆగిపోయిన జెట్లన్నీ..."

"ఎగురుతాయి. పెళ్ళయిన మర్నాడే పాఠం చెప్పారుగా."

"మన దానికి ముందుకి వంగిన రెక్కలు. అంత చురుగ్గా తిరిగేది ఆ బల్లమీద ఇంకోటి లేదు. అయినా నేనెటు తిరిగితే అటే కాచుక్కూర్చున్నాడు!"

"ఎటు తిరగాలో ముందు ఎవరికి చెప్తారు?"

"అక్కకి. తనే కదా మధ్యవర్తి. ఇద్దరం అక్క చెవిలో చెప్తాం, తర్వాత ఒకేసారి జరుపుతాం. చెప్పాక మార్చకూడదు."

"ముందు చెప్పేది?"

"నేనే. చిన్నవాణ్ణి కదా."

"ఎప్పుడూ మీరేనా?"

"ఎప్పుడూ... ఏంటే?"

"మొన్న ఆట జరుగుతుంటే కాఫీ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. అమలమ్మ వదినగారు ఏ చేతి గాజులు సర్దుకుంటే మీ విమానం అటే తిరిగింది. ప్రతిసారీ."

"అక్కా? మా అక్కా? ఛ! మరి అప్పుడే చెప్పవేం?"

"ఓడినవాళ్ళు చెప్తే ఎవరు నమ్ముతారండీ?"

"సరే. రేపు అక్కని తప్పుకోమంటా. వేరే ఎవర్నైనా..."

"అయ్యో, వద్దు! ఆవిడే ఉండాలి."

"మతి పోయిందా నీకు?"

"మధ్యాహ్నం పటమట వెళ్ళొచ్చాను. అడిగేశాను. ముందు లేదన్నారు. తర్వాత ఏడ్చారు. పాపం, ఒక్కసారి తనూ ఆడతానంటే లాజరు అన్నయ్యగారు ఏమన్నారో తెలుసా? 'నీకు విమానాలెందుకు, గాజులు సర్దుకో చాలు' అన్నారట."

"బావ అలా అన్నాడా?"

"అందరి ముందూ. ఆయన్ని రేపటి ఆటకి ఒప్పించింది ఎవరనుకున్నారు?"

"అక్కా!"

"పొద్దున్న గుడి నుంచి సరాసరి పటమటే వెళ్దాం. మీరు ఎప్పటిలాగే చెవిలో ఎడమ అనండి. వదినగారు కుడిచేతి గాజులు సర్దుకుంటారు."