మధ్య గీత

ప్రయోగశాలలో బాబాయి రక్తం గాజు పలకలోని వెంట్రుకంత సన్నని కాలువలోకి ఎక్కింది. ఆయన అన్న కూతురు శబ్దం మీట నొక్కి, ఆయనకూ కనబడేలా తెరను పక్కకు తిప్పింది.

"ఏమీ వినపడదేం? రేడియోలు బాగుచేసినవాణ్ణి. మోగకపోతే పాడైనట్టే లెక్క."

"ఇది మన చెవికి అందని శబ్దం, బాబాయ్. పెద్ద కణాల్ని మధ్యకి నెడుతుంది. చిన్నవి అంచుల్లోనే ఉండిపోతాయి."

"నా జబ్బు కణాలు పెద్దవా?"

"అవును, క్యాన్సర్ కణాలు రక్తకణాల కంటే పెద్దవి. మందులు పనిచేసి ఉంటే మధ్యలో ఏమీ కనపడకూడదు."

"మరి ఆ గీతలా వస్తున్న చుక్కలేంటి?"

ఆమె తెర మీదికి వంగింది. అవి పొద్దున వాడిన పూసలే అయితే బాగుండునని మనసు కొట్టుకుంది.

"పొద్దున శబ్దం సరిచూడ్డానికి ఇందులోకి కంటికి ఆననంత చిన్న ప్లాస్టిక్ పూసలు వదిలాను. ఎంత కడిగినా ఒకటీ అరా మిగిలిపోతుంటాయి."

"అంటే ఇవి పూసలేనంటావా?"

"పూసలైతే అన్నీ ఒకే సైజులో ఉంటాయి."

"ఇవి లేవుగా."

"లేవు."

"మీ నాన్నలాగే నీకూ అబద్ధమాడటం చేతకాదు. పోన్లే. శబ్దం ఆపేస్తే ఏమవుతుంది?"

"అన్నీ కలిసిపోతాయి. ఏది ఏదో తెలీదు."

"అయితే కాసేపు ఆపమ్మా."

ఆమె ఆపింది. మధ్య గీత చెదిరి రక్తంలో కలిసిపోయింది. ఆయన కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తీరిగ్గా తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"మీ పిన్నికి నేనే చెప్తాను. నువ్వు ఫోన్ చెయ్యకు."

"సరే బాబాయ్."

"ఇక శబ్దం పెట్టు. ఎన్ని ఉన్నాయో చూద్దాం."