పూడ్చేసిన పడమటి తలుపు

సరిహద్దులో ఉన్న చర్చల హాల్లో పడమటి గోడకి పూసిన సిమెంటు ఇంకా ఆరలేదు. తూర్పు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న ముసలి బంట్రోతుని కొత్తగా చేరిన ఆఫీసరమ్మ పలకరించింది.

“అక్కడ కూడా తలుపుండేదా బాబాయ్?”

“ఉండేదమ్మా. ఈ ఖండంలో ఎన్ని దేశాలో అన్ని తగాదాలు. మనకీ పక్క దేశానికీ అయితే ఉప్పూ నిప్పూ. ముందు లోపలికొచ్చినవాళ్లు తగ్గినట్టట! అందుకని చెరో తలుపు పెట్టారు. రెండూ ఒక్కసారే తెరుచుకోవాలి.”

“ఎలా కుదిరేది?”

“హాలు లోపల ఇటు నేను, అటు వాళ్ల మనిషి. ముందు అతను తల ఊపేవాడు, తర్వాత నేను. అప్పుడు తీసేవాళ్లం.”

“మంచి స్నేహితులన్నమాట.”

“ఎక్కడి స్నేహం! పలకరిస్తే ఉద్యోగం ఊడేది. మా ఆవిడ పోయాక పనిలోకొచ్చిన రోజు, తల ఊపడం మరిచిపోయి నిలబడిపోయాను. తలుపు వెనకనుంచి వాళ్ల మంత్రి కేకలేస్తున్నా, అతను నాకోసం ఆగాడు.”

“ఇప్పుడు సంధి కుదిరిందిగా. హాయిగా మాట్లాడుకోండి.”

“తలుపే పోయాక అతనికిక్కడ పనేముందమ్మా? పంపించేశారు.”

“పేరు చెప్పండి, కబురు పెడతాను.”

“తెలీదు. పేరడగడానికి వీల్లేదు కదా అప్పుడు.”

గంట మోగింది. బయట బూట్ల చప్పుడు దగ్గరైంది.

“రెండు దేశాలవాళ్లూ కలిసే వచ్చేశారు. తీయండి బాబాయ్! ఆ గోడకేసి చూస్తారేం?”

“అలవాటమ్మా. అతనింకా తల ఊపలేదు.”