చాటు కట్టాకే కోత

మిరప కోతలకు వెళ్లే ఒకామెకు మూత్రంలో రక్తం పడుతోంది. గుంటూరు ఆసుపత్రిలో, గొట్టం పెట్టి లోపల చూసే స్కోపు గది గుమ్మంలోనే ఆమె నర్సును నిలదీసింది.

"ఆ గొట్టం ఎక్కడ పెడతారో చెప్తేనే లోపలికొస్తా."

"మూత్రం వచ్చే దారిలోనే అమ్మా. తిమ్మిరి మందు పూసి, సన్నగొట్టంతో లోపల చూస్తారు. కాసేపట్లో అయిపోతుంది."

"కొయ్యరుగా?"

"కొయ్యరు. తర్వాత రెండ్రోజులు మంటగా ఉంటుందంతే."

"మిరపకాయలు కోసేదాన్ని, నన్ను మంటతో బెదిరిస్తావా!"

"నీళ్లు మాత్రం బాగా తాగాలి."

"తాగితే వెళ్లేదెక్కడ? చుట్టూ మగాళ్లు, చేలో చాటు లేదు. పొద్దుగూకేదాకా మేం చుక్క నీళ్లు ముట్టం."

"అలా ఆపుకుంటే మళ్లీ జబ్బే."

ఆమె కొంగు బిగించి లోపలికి నడిచింది.

"అయితే చూసుకో. ఎల్లుండి మా కూలీల ముఠా అంతా గట్టు మీదే కూర్చుంటాం. రైతు గోనెపట్టాలతో చాటు కడితేనే కాయ తెంపేది. పండుకాయ రాలితే రాలనీ!"