వంతెన అవతలి బోర్డు

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం. తమ్ముడి పాత కంప్యూటర్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డు వెయ్యాలో వద్దో చూసి చెప్పడానికి అక్క వచ్చింది.

“ఆట ఆగి ఆగి నడుస్తోందా?”

“లేదక్కా, పరిగెడుతోంది. దూరంగా ఉన్నవే మసక. కాల్చేదాకా అది మనిషో చెట్టో తెలియట్లేదు. కార్డు ముసలిదైపోయింది.”

“ముసలి కార్డైతే బొమ్మ ఆగుతుంది, చారలు పడతాయి. దూరానివే మసకవడం ఏమిట్రా? లే, నన్ను కూర్చోనీ.”

“ఆ బన్ను తిన్న చేతులతో కీబోర్డు ముట్టుకోకు.”

“నోర్ముయ్. ఆటలో ఆ వంతెన అవతల బోర్డు మీద ఏం రాసుంది?”

“అక్కడ బోర్డు ఉందా?”

“‘రేవుకి దారి’ అని ఉంది. నాకు శుభ్రంగా కనిపిస్తోంది.”

“నీవి కొత్త కళ్ళద్దాలు.”

“నేను చెప్పేదీ అదే.”

“వద్దక్కా. కార్డే కొనేద్దాం.”

“కార్డుకేం, నేనే కొనిస్తా. ముందు కళ్ళ డాక్టర్ దగ్గరికి పద.”

“చూపు తగ్గిందంటే ట్రామ్ నడపనివ్వరు. నాకింకో పని చేతకాదు.”

“కళ్ళద్దాలతో సరిపోతుందేమో. చూపించుకోకుండా ఎలా తెలుస్తుంది?”

“సరిపోకపోతే?”

“అప్పుడు చూద్దాం. రేపు నీ ట్రామ్ ఎటు వెళ్తుంది?”

“బడి మీదుగా. అక్కా, మొన్న ఆ బడి స్టాపు దగ్గర కూడా... మనిషో స్తంభమో దగ్గరికెళ్ళేదాకా తెలియలేదు.”

అక్క బల్ల మీది ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. అతను నంబరు నొక్కాడు.

“హలో, డిపోనా? రేపు నా ట్రామ్ ఇంకెవరికైనా ఇవ్వండి.”