మూడోసారి తీసేటప్పుడు

వినిపెగ్ నగరానికి మూడున్నర గంటల దూరంలో ఉన్న డాఫిన్ ఊళ్ళో, హార్డ్‌వేర్ కొట్టు వెనకవైపు, కంప్యూటర్లు బాగుచేసే బల్ల. ఫిబ్రవరి నెల. పొద్దున పది దాటింది.

"మళ్ళీనా?"

"మళ్ళీనే."

"తెక్లా ఆంటీ, దాన్ని రెండుసార్లు తీశాను. జనవరిలో ఒకసారి, పోయిన మంగళవారం ఒకసారి."

"తీశావు. మళ్ళీ వచ్చింది."

"ఎలా వస్తుంది? కాళ్ళున్నాయా దానికి?"

"నన్నడుగుతావేంటే? బాగుచేసేదానివి నువ్వు. ముందు ఆ బొంత విప్పు డెనీస్, మంచు కరిగి లోపలికి దిగుతుంది."

"దీన్ని మళ్ళీ మంచుబండి మీద పెట్టి లాక్కొచ్చారా? బయట సున్నాకి ముప్పై డిగ్రీలు కిందుంది!"

"కార్లో పెడితే అదురుతుంది."

"ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. కార్లో కంప్యూటర్ అదురుతుందంట."

"నువ్వు బస్సులో కూడా అదిరేదానివి. రెండుసార్లు కక్కావు. నా బూట్ల మీద."

"ఒక్కసారే. రెండోది మా తమ్ముడు."

"మీ ఇంటి పిల్లలేగా. విప్పు."

"విప్పుతున్నా. ఈ పొట్లం ఏంటి?"

"గసాల రొట్టె. నీకే. తర్వాత తిను, గసాలు కీబోర్డు కీల మధ్య పడతాయి."

"సరే. తీగలన్నీ తగిలించాను, నెట్ కూడా. వెలిగిస్తున్నా... ఆఁ, వచ్చింది. అదే పెట్టె. 'ఓరీస్యా కంప్యూటర్ అందుబాటులో లేదు. మళ్ళీ ప్రయత్నించమంటారా?'"

"చదవకు."

"చదవకుండా ఎలా తీస్తాను?"

"రోజూ పొద్దున నేను చదువుతూనే ఉన్నాను. ఇంకొకళ్ళు పైకి చదవక్కర్లేదు. తీసెయ్యి. అసలు ఆనవాలు లేకుండా తీసెయ్యి."

"ఓరీస్యా అంటే వినిపెగ్‌లో ఉండే మీ అక్కగారే కదా?"

"ఆఁ."

"ఆవిడ పెట్టిందా ఇది?"

"తను అక్కడినుంచి నా కంప్యూటర్ బాగుచెయ్యడానికి పెట్టింది. స్కూలు ఆఫీసులో చేసేదిగా, ఇవన్నీ వచ్చు. ఇక్కడ నేను చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని, తెర మీద బాణం దానంతటదే తిరిగేది. తర్వాత బాగుచెయ్యడానికి ఏమీ లేకపోయినా వచ్చేది."

"వచ్చి?"

"పేకాట. ఒక్కళ్ళే ఆడుకునే ఆట ఉంటుందే, అది. ఇద్దరం ఆడేవాళ్ళం. ఒక ముక్క నేను, ఒక ముక్క తను. రోజూ పదిన్నరకి, కాఫీ తాగాక. నేను ఆలోచిస్తూ ఉంటే ఆగేది కాదు. నా ముక్క కూడా తనే లాగేసేది."

"మరి ఇప్పుడు?"

"మంచు బాగా పడుతోంది చూడు."

"ఆంటీ."

"జూలైలో పక్షవాతం వచ్చింది. కుడివైపు. మాట లేదు. నర్సింగ్ హోంలో పెట్టారు. తెర మూల ఆ చుక్క చూశావా? తనుంటే పచ్చగా ఉండేది. జూలై నించీ బూడిద రంగే."

"అయ్యో. చూడ్డానికి వెళ్ళారా?"

"రోడ్డు బాగాలేదు."

"జూలైలోనా?"

"జూలైలో రోడ్డు పనులు చేస్తారు."

"సెప్టెంబర్లో?"

"నువ్వు కంప్యూటర్ బాగుచేస్తావా, రోడ్లు బాగుచేస్తావా?"

"సరే, సరే. అడగను."

"హాల్యా చెప్పింది, మా అక్క కూతురు. 'ఎవర్నీ గుర్తుపట్టట్లేదు పిన్నీ, నన్ను కూడా' అంది. ఇంకెందుకు? మూడున్నర గంటలు నడుపుకుంటూ వెళ్ళి మంచం పక్కన నిలబడి నేను తెక్లాని, నేను తెక్లాని అంటూ ఉండనా? బస్సులో పేర్లు పిలిచినట్టు?"

"సరే, వెతుకుతున్నా."

"నీకు ఎక్కువ పనా ఇది?"

"పనేం కాదు. ఇది గరికలాంటిది, అంతే. పైన కోస్తే చాలదు. ప్రోగ్రామ్ తీసేస్తాం, దాని ఫోల్డర్ ఒకటి ఎక్కడో మిగులుతుంది. అదీ తీసేస్తాం. కంప్యూటర్ వెలగ్గానే నన్ను లేపు అని ఒక చీటీ రాసి పెట్టుకుంటుంది లోపల. దాన్నీ చించెయ్యాలి. పోయిన మంగళవారం మూడూ చేశాను. అందుకే నాకు... మీ మౌస్‌లో పిల్లి బొచ్చేమైనా దూరిందా? బాణం ఉలిక్కిపడుతోంది."

"దూరే ఉంటుంది. దాని మీదే పడుకుంటుంది."

"ఉండండి, నాది తగిలిస్తాను. చూద్దాం మిగిలిన చీటీ ఎక్కడుందో... ఫోను మోగుతోంది. మీదే."

"మోగనీ."

"సంచిలోంచి తీసివ్వనా?"

"వద్దన్నాగా. అదే ఆగుతుంది."

"ఎవరు?"

"హాల్యా. ఈ వారంలో ఆరోసారి."

"ఆరుసార్లా? ఒక్కసారి కూడా ఎత్తలేదా?"

"ఆ పిల్ల ఆదివారం సాయంత్రం తప్ప చెయ్యదు. మధ్యలో చేసిందంటే చెప్పడానికి ఒకే మాట ఉంటుంది. నేను ఎత్తనంతసేపు అది చెప్పదు."

"ఆంటీ, అలా ఎన్ని రోజులు..."

"ఆగింది చూడు. ఆగుతుందని చెప్పానా?"

"అందుకేనా ఇవాళ ఇంత హడావిడిగా వచ్చారు?"

"ఆ కబురు నేను వినేసరికి ఈ పెట్టె ఉండకూడదు. పోయాక కూడా అది రోజూ పొద్దున అడుగుతుంది. మళ్ళీ ప్రయత్నించమంటారా, మళ్ళీ ప్రయత్నించమంటారా. నేనేం నొక్కాలి దానికి?"

"ఉండండి, ముక్కు తుడుచుకోనీ."

"ఏడవకు. నేనే ఏడవట్లేదు. నాకేమీ అనిపించట్లేదు నిజంగా. పంటి డాక్టరు సూది వేశాక బుగ్గ ఉంటుందే, అలా ఉంది. పని చూడు."

"చూస్తున్నా. ఇదేంటి? ఇది మిగిలిపోయింది కాదు."

"ఏది?"

"నేను తీసింది తీసినట్టే ఉంది. ఇది కొత్తగా పెట్టింది. తారీకు ఉంది ఇక్కడ. బుధవారం, పొద్దున పదిన్నర. నేను తీసిన మర్నాడే."

"అలాగా."

"ఎవరొచ్చారు మీ ఇంటికి బుధవారం?"

"మీటరు చూసేవాడు."

"అతను మీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడా?"

"పిల్లి ఉంది."

"ఆంటీ."

"దానికి ఆ కీల మీద నడిచే అలవాటు..."

"తెక్లా ఆంటీ. జనవరిలో కూడా మీరేనా?"

"కాగితం ఉంది. దాన్ని చూసి చేశాను. అందులో ఎలా ఉంటే అలా నొక్కాను."

"ఏ కాగితం? ఇలా ఇవ్వండి. ఎన్నిసార్లు మడతపెట్టారు, చిరిగిపోతోంది. 'తెక్లా, ఇది పెట్టుకునే పద్ధతి. ఒకటి: కళ్ళజోడు పెట్టుకో. రెండు: నేను పంపిన ఉత్తరంలో నీలం అక్షరాల మీద నొక్కు. మూడు: అది ఏదో అడుగుతుంది. అవును అని నొక్కు. నాలుగు: మళ్ళీ అడుగుతుంది. అవును. తెక్లా, ఆలోచించకు. అయిదు: ఏం అడిగినా అవునే. నువ్వు ఆలోచిస్తున్నావని నాకిక్కడికి తెలుస్తోంది.'"

"నవ్వకు."

"నవ్వట్లేదు. 'ఆరు: అవును.' ఏడు, ఎనిమిది, తొమ్మిది, అన్నీ అవునే. 'పది: ఇక నీ చేతులు ఒళ్ళో పెట్టుకో. నేను వస్తున్నాను.'"

"ఇచ్చెయ్యి కాగితం."

"ఇదిగో. నాకొకటి అర్థం కాలేదు. మీకు మీరే పెట్టుకుని, మళ్ళీ తియ్యమని నా దగ్గరికి లాక్కురావడం ఎందుకు? అదీ ఈ చలిలో?"

"నువ్వు తీసిన రోజు రాత్రి నిద్ర పట్టేది. పొద్దున పదిన్నర అయ్యేసరికి ఒకటే అనిపించేది. తను వచ్చి, నా తలుపు లేకపోతే? ఏ నర్సో కూర్చోబెట్టి, ఆ ఎడం చెయ్యి ఎలాగో అలా కదిపి, నా కోసం చూస్తే? అప్పుడు పెట్టేదాన్ని. పెట్టగానే ఆ పెట్టె వచ్చేది. అందుబాటులో లేదు అని."

"తీసేది మీరే తియ్యొచ్చుగా మరి. నేర్పిద్దును."

"నేను తీస్తే నేను తీసినట్టు. నువ్వు తీస్తే అది పోయినట్టు. నా బస్సులో ఒక్క పిల్లని కూడా రోడ్డు మీద వదిలి వెళ్ళలేదు డెనీస్. మీ అమ్మనడుగు. గేటు దగ్గర ఎవరూ కనిపించకపోయినా హారన్ కొట్టి రెండు నిమిషాలు ఆగేదాన్ని."

"తెలుసు. నా బూట్లు దొరక్క మూడు నిమిషాలు ఆగిన రోజులున్నాయి."

"నువ్వూ, నీ బూట్లూ."

"అయితే వినండి. ఇవాళ నేను తియ్యను."

"ఏంటే?"

"మీరే తీస్తారు. నేను తీస్తే రేపు పదిన్నరకి మళ్ళీ పెడతారు, ఎల్లుండి మళ్ళీ బొంత, మళ్ళీ మంచుబండి. చివర అడుగుతుందే, పూర్తిగా తీసెయ్యమంటారా అని. అది మీరు నొక్కండి. తర్వాత వేళ్ళన్నీ నేను ఏరేస్తాను. లేదంటే వద్దు, ఉంచేద్దాం. ఉంచితే తప్పేం లేదు."

"ఉంచితే రోజూ చూడాలి."

"తీస్తే?"

"తీస్తే చూడక్కర్లేదు."

"మీ ఇష్టం."

"నా ఇష్టం అని వదిలేస్తే నాకేం చేతకాదు. చిన్నప్పుడు పన్ను కదిలితే ఆరు రోజులు నాలుకతో తోసుకుంటూ తిరిగేదాన్ని. మా అమ్మ తిట్టేది. చివరికి ఓరీస్యా దారం కట్టేది. 'మూడు లెక్కపెడతాను, మూడు అనగానే లాగుతాను, నోరు తెరువు' అనేది. ఒకటి అనేది. రెండు అంటుండగానే లాగేసేది. ప్రతిసారీ అంతే. 'మోసం' అని ఏడిస్తే, 'మూడు దాకా ఆగితే నువ్వు బిగుసుకుంటావు' అనేది."

"మీకు ప్రతిసారీ తెలియలేదా, రెండుకే లాగుతుందని?"

"తెలిసేది. అయినా మూడు కోసమే ఎదురుచూసేదాన్ని."

"రండి, ఈ కుర్చీలో కూర్చోండి. ఈ మౌస్ కూడా ఉలుకుతోంది, ఏంటో ఇవాళ. బాణం తనంతట తనే పక్కకి పోతోంది."

"నీ కొట్టుకి కూడా బొచ్చు పట్టినట్టుంది."

"పట్టే ఉంటుంది. చూడండి, పెట్టె తెరిచాను. 'ఈ ప్రోగ్రామ్‌ని పూర్తిగా తీసెయ్యమంటారా? అవును. వద్దు.' అవును మీదకి తీసుకెళ్ళి నొక్కడమే."

"అక్షరాలు పెద్దగా ఉన్నాయి. ఈ పెట్టె తెర సగం కప్పేసింది."

"కళ్ళజోడు అక్కర్లేకుండా. నొక్కండి."

"మళ్ళీ మోగుతోంది చూడు, ఆ ఫోను."

"ఎత్తనా?"

"వద్దు. అది ఆగేలోపు తీసేస్తే చాలు. అది ఆగేలోపు."

"అయితే మూడు లెక్కపెట్టండి. మీరే లెక్కపెట్టండి, మూడుకి నొక్కండి. ఎవరూ మోసం చెయ్యరు."

"వేలు పట్టట్లేదు దీని మీద. ఉండు. చెయ్యి తుడుచుకోనీ."

"తుడుచుకోండి. తొందరేం లేదు."

"ఒకటి."

"ఊఁ."

"రెండు... అదేంటే! ఎందుకు నొక్కావు?"

"నేనెక్కడ నొక్కాను?"

"పోతోంది అది! తీసేస్తున్నాను అంటోంది! లెక్కపెట్టమని నువ్వే చెప్పి, నువ్వే..."

"ఆంటీ, నా రెండు చేతులూ కాఫీ కప్పు మీదున్నాయి. చూడండి. మీరే నొక్కి ఉంటారు."

"నా చెయ్యి ఇంకా కోటుకి తుడుచుకుంటున్నా. మౌస్ అక్కడుంది. ఎవరూ ముట్టుకోలేదు దాన్ని."

"ముట్టుకోకుండా ఎలా... ఆంటీ. ఆ మూల చూడండి. ఇందాక పెట్టె కప్పేసింది దాన్ని."

"ఏముంది?"

"చుక్క పచ్చగా ఉంది."

"తనుంటేనే అలా ఉంటుంది."

"హాల్యా ఆవిడ ముందు కంప్యూటర్ పెట్టిందేమో! అది చెప్పడానికే ఈ వారమంతా... ఆపనా దీన్ని? ఆంటీ, ఇంకా సగమే అయింది. వెనక్కి తిప్పెయ్యనా? చెప్పండి, ఆపనా?"

"ఆపకు. ఆ ఫోను ఇటివ్వు."

"ఇదిగో. ఇంకా మోగుతూనే ఉంది. ఏం జరిగింది ఆంటీ, ఏం చెప్తారు ఆ అమ్మాయికి?"

"కారు తీసి వినిపెగ్‌కి బయల్దేరుతున్నానని చెప్తాను. నేను రెండు అన్నాను, విన్నావుగా? ఓరీస్యా మూడు దాకా ఎప్పుడాగింది గనక!"